మందుల ఖర్చు చీటీ దగ్గరే తేలుతుంది

ఆసుపత్రిలో చేరకుండా, డాక్టరుకు చూపించుకుని అదే పూట ఇంటికి వెళ్ళిపోయే వైద్యమే ఓపీ వైద్యం. జలుబు, జ్వరం, విరేచనాల నుంచి బీపీ, షుగరు, ఉబ్బసం, క్షయ వరకు మనుషులకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే కుదుటపడాలి. ఈ వైద్యానికి ప్రధాన సాధనం మందుల చీటీ. దాన్ని రాయడానికి డాక్టరుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. దాని ఫలితాన్నీ ఖర్చునూ రోగి వారాల తరబడి, ఒక్కోసారి జీవితాంతం మోస్తాడు. ఏ మందు రాశారు, ఎన్ని రకాలు రాశారు, ఎన్నాళ్ళకు రాశారు, ఏ పేరుతో రాశారు అన్న నాలుగు సంగతులు తేలిపోయాక మెడికల్ షాపులో తగ్గించుకోవడానికి మిగిలేది చాలా తక్కువ. మందుల భారం తగ్గించాలన్న ఆలోచన సాధారణంగా ధరల దగ్గర మొదలవుతుంది. అది మొదలు కావాల్సిన చోటు డాక్టరు బల్ల.

సూరత్ లాంటి ఊళ్ళో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ గుజరాత్ నగరం వజ్రాల సానకు, సింథటిక్ బట్టకు పేరుపడింది. లక్షల మరమగ్గాలు నడిచే ఈ ఊరికి ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినట్టే కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా వచ్చి స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. మగ్గం పని సాధారణంగా పన్నెండు గంటల షిఫ్టు. నేసిన మీటర్ల లెక్కన కూలి. పనికి పోని రోజు కూలి ఉండదు. అందుకే ఇక్కడ చీటీ ఖర్చులో మందుల బిల్లు ఒక భాగం మాత్రమే. మొదటి చీటీ పనిచేయకపోతే రెండోసారి ఫీజు, పోయిన కూలి, మళ్ళీ మందులు అన్నీ దానికి తోడవుతాయి.

ఈ ఖర్చుకు బీమా అండ దాదాపు లేదు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఆసుపత్రిలో చేరినవారికి వర్తిస్తుంది; ఓపీలో రాసే నెలవారీ మాత్రలకు వర్తించదు. తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆసుపత్రి చికిత్సల కోసమే పుట్టింది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో ఆరోగ్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబుల్లోంచి పెట్టుకున్నదే. 2013-14లో అది 64.2 శాతం. తగ్గుదల మంచిదే. అయినా ఓపీ రోగి విషయంలో జేబు ఖర్చంటే అధిక భాగం మందుల ఖర్చే. సూరత్‌లో మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థకు చెందిన స్మిమేర్ ఆసుపత్రి, వార్డుల్లోని అర్బన్ హెల్త్ సెంటర్లు ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో వైద్యం అందిస్తాయి. కానీ ఓపీ వేళలు, షిఫ్టు వేళలు కలవనివాళ్ళు రాత్రి దాకా తెరిచి ఉండే క్లినిక్కులకే వెళ్తారు.

మందులను సరిగా రాయడం అంటే ఏమిటో 1985లో నైరోబీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన నిపుణుల సమావేశం నిర్వచించింది. రోగి అవసరానికి తగిన మందు, అతని శరీరానికి సరిపోయే డోసులో, కావలసినన్నాళ్ళు, అతనికీ సమాజానికీ వీలైనంత తక్కువ ఖర్చులో అందాలన్నది దాని సారం. ఖర్చును నిర్వచనంలోనే చేర్చడం గమనించదగ్గది. 1994లో అదే సంస్థ వైద్య విద్యార్థుల కోసం మంచి చీటీ రాసే పద్ధతిపై ఒక కరదీపిక ప్రచురించింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో డాక్టరు ముందు జబ్బును, తర్వాత చికిత్స లక్ష్యాన్ని తేల్చుకుంటాడు. ఒక్కో మందును నాలుగు గీటురాళ్ళ మీద పరీక్షిస్తాడు: పనిచేస్తుందా, హాని తక్కువేనా, ఈ మనిషికి పనికొస్తుందా, ధర ఎంత. చివరికి రోగికి వివరించి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెబుతాడు. చదవడానికి ఇది మామూలుగా ఉంటుంది. ఒక జబ్బుకు వర్తింపజేసి చూస్తే ఎంత లోతైనదో తెలుస్తుంది.

వైవాక్స్ మలేరియానే తీసుకోవచ్చు. ఇటీవలి ఏళ్ళలో కేసులు బాగా తగ్గినా, వలస కూలీలతో నిండిన సూరత్‌కు ఇది పాత శత్రువు. దీనికి రెండు మందులు కావాలి. క్లోరోక్విన్ మూడు రోజుల్లో రక్తంలోని పరాన్నజీవిని చంపుతుంది; జ్వరం దిగుతుంది. అంతటితో జబ్బు పోదు. వైవాక్స్ పరాన్నజీవి కొంత భాగం కాలేయంలో నిద్రాణంగా దాగి ఉండి, వారాల తర్వాతో నెలల తర్వాతో మళ్ళీ రక్తంలోకి దిగుతుంది. దాన్ని తుడిచిపెట్టేది ప్రైమాక్విన్. పెద్దవాళ్ళకు రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు వాడాలి. రెండు మందులూ చవకైనవే, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం కూడా. అయినా చికిత్స విఫలమయ్యే చోటు స్పష్టం: మూడో రోజుకు జ్వరం తగ్గిన కార్మికుడు నాలుగో రోజు షిఫ్టుకు వెళ్తాడు, మిగిలిన మాత్రలు అరలో ఉండిపోతాయి. కొన్ని నెలలకు మళ్ళీ చలిజ్వరం. ఇక్కడ వృథా అయింది మాత్రల ధర కాదు. రెండోసారి పోయిన నాలుగైదు రోజుల కూలి. “జ్వరం తగ్గినా పద్నాలుగు రోజులూ వేసుకోవాలి, లేకపోతే తిరగబెడుతుంది” అని రోగి భాషలో చెప్పే ఒక్క మాట ఈ చికిత్సలో మందుతో సమానంగా పనిచేస్తుంది.

ఇదే ప్రైమాక్విన్ మూడో గీటురాయి ఎందుకు అవసరమో కూడా చూపిస్తుంది. ఎర్ర రక్తకణాల్లో జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్ళు ఈ మాత్ర వేసుకుంటే కణాలు చితికిపోయి తీవ్రమైన రక్తహీనత రావచ్చు. మూత్రం ముదురు రంగుకు మారడం దాని హెచ్చరిక. సూరత్ ప్రాంతంలోని వాటలియా ప్రజాపతి సముదాయంలో ఈ లోపం అసాధారణంగా ఎక్కువని రక్తపరీక్షల అధ్యయనాలు తేల్చాయి. దక్షిణ గుజరాత్ ఆదివాసీల్లోనూ ఈ లోపం కనిపిస్తుంది. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. మందు చవకైనది, శక్తిమంతమైనది, మార్గదర్శకాల్లో ఉన్నది. ఇన్ని సుగుణాలున్నా ఎదురుగా కూర్చున్న మనిషికి అది పనికిరాకపోవచ్చు. “ఇదివరకు ఏ మాత్రకైనా మూత్రం ఎర్రగా వచ్చిందా? కామెర్లు వచ్చాయా?” అని అడగడానికి అర నిమిషం చాలు.

ఒకే మందు సందర్భాన్ని బట్టి ప్రాణరక్షణ అయినట్టే వృథా కూడా అవుతుందనడానికి సూరత్ చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1994 సెప్టెంబరులో ఊపిరితిత్తుల ప్లేగు వార్త ఊరిని కుదిపేసింది. 50 మందికి పైగా చనిపోయారు. లక్షలాది మంది రైళ్ళు, బస్సులు పట్టుకుని ఊరు విడిచారు. పలువురు ప్రైవేటు డాక్టర్లు కూడా క్లినిక్కులు మూసి వెళ్ళిపోయారు. టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రల కోసం జనం ఎగబడటంతో దుకాణాల్లో నిల్వలు నిండుకున్నాయి. ఆ మందు ప్లేగుపై పనిచేస్తుంది, రోగికి దగ్గరగా మసలినవాళ్ళకు ముందుజాగ్రత్తగా ఇవ్వడమూ సరైనదే. సోకే అవకాశం లేనివాళ్ళు జేబుల్లో నింపుకోవడం వల్ల అవసరమైనవాళ్ళకు కొరత వచ్చింది. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను దక్షిణ గుజరాత్‌లో ఇప్పుడు వేరే తీరుగా వాడుతున్నారు. సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల్లో వానాకాలంలో నీళ్ళు నిలిచిన పొలాల్లో దిగే కూలీలకు లెప్టోస్పైరోసిస్ ముప్పు ఉంది. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి ద్వారా ఇది సోకుతుంది. ముప్పు ఉన్న గ్రామాలను, మనుషులను గుర్తించి, ఆ సీజనులో మాత్రమే వారానికి 200 మిల్లీగ్రాముల డోసు ఇస్తారు. 2006 ఆగస్టు వరదల తర్వాత సూరత్‌లోనూ ఈ మాత్రలు పంచారు. అలా పంచడం నిజంగా ఉపయోగపడిందా అని సూరత్ ప్రభుత్వ వైద్య కళాశాల వైద్యులు ఆ తర్వాత పరిశీలించి పరిశోధన పత్రం కూడా ప్రచురించారు. చవకైన మందును కూడా అలా నిలదీయాలి.

రోజువారీ ఓపీలో కనిపించే వృథా ఇంత నాటకీయంగా ఉండదు. రెండు రోజుల జలుబు, ఒళ్ళు నొప్పులు, జ్వరంతో వచ్చినవారికి దేశమంతటా రాసే ఒక మామూలు చీటీని ఊహించుకోవచ్చు. అందులో ఐదు వరుసలుంటాయి: అజిత్రోమైసిన్, పారాసిటమాల్-అసిక్లోఫెనాక్ కలిపిన మాత్ర, లెవోసిట్రిజిన్-మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర, కడుపులో మంటకు పాంటోప్రజోల్, బలానికి మల్టీవిటమిన్. పైగా అక్కడికక్కడ ఒక సూదిమందు. జలుబుకు కారణం వైరస్ కనుక అజిత్రోమైసిన్ దాన్ని తాకదు. జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే చాలు. దానికి అసిక్లోఫెనాక్ తోడవడం వల్ల కడుపుకు హాని పెరిగింది, ఆ హాని కోసం పాంటోప్రజోల్ వచ్చి చేరింది. ఉబ్బసం లేని జలుబుకు మాంటెలుకాస్ట్ అనవసరం. ఈ జ్వరానికి విటమిన్ మాత్రతో బలం రాదు. ఐదు వరుసల్లో నిజంగా పనిచేసేది అన్నిటికంటే చవకైన మందు. అదీ రెండో వరుసలో సగమే!

వానాకాలంలో ఈ చీటీ ప్రమాదకరం కూడా కావచ్చు. సూరత్‌లో డెంగీ ఏటా పలకరిస్తుంది. మొదటి రెండు రోజుల్లో డెంగీకీ మామూలు జ్వరానికీ తేడా చెప్పడం కష్టం. డెంగీలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచగలవు. కాబట్టి కారణం తేలని జ్వరానికి పారాసిటమాల్, ద్రవాలు, విశ్రాంతి, ఎప్పుడు పరుగున రావాలో చెప్పే హెచ్చరికలు ఇవ్వడం మంచి వైద్యం. ఒక్క మాత్రతో, ఒక్క రూపాయి చిల్లరతో పంపించడం రోగిని చిన్నచూపు చూడటమని డాక్టర్లు భావించాల్సిన అవసరం లేదు. సూదిమందు వేయని డాక్టరు, బాటిల్ ఎక్కించని డాక్టరు చేతకానివాడన్న నమ్మకం రోగుల్లోనూ పోవాలి.

పిల్లల విరేచనాలు ఇందుకు మరో గట్టి ఉదాహరణ. నీళ్ళ విరేచనాల్లో ప్రాణం తీసేది శరీరంలోంచి నీరూ ఉప్పూ పోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో వేలమందిని కాపాడి ఈ వైద్యానికి తిరుగులేని రుజువు ఇచ్చాడు. ఇప్పటి ఓఆర్ఎస్ పొట్లం దాని మెరుగుపడ్డ రూపం. 2004 నుంచి దీనికి జింకు తోడైంది: ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవాళ్ళకు 10 మిల్లీగ్రాములు. రెండిటి ఖర్చూ చాలా తక్కువ. మలంలో రక్తం పడనంతవరకు, కలరా అనుమానం లేనంతవరకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. అయినా ఎర్రటి సిరపు సీసా లేని చీటీని చాలా ఇళ్ళలో అసంపూర్ణమైనదిగా చూస్తారు.

యాంటీబయాటిక్ విషయంలో నష్టం ఒక్క జేబుతో ఆగదు. వాడినకొద్దీ సూక్ష్మజీవులు దానికి అలవాటుపడతాయి. ఈ రోజు చవకగా పనిచేసే మందు రేపు పనిచేయదు. ఎల్లుండి ఖరీదైన సూదిమందు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్కులను మూడు గుంపులు చేసింది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ లాంటివి ముందుగా వాడదగ్గవి. అజిత్రోమైసిన్, సెఫిక్సీమ్ లాంటివి ఆచితూచి వాడాల్సినవి. చివరి గుంపు ఆఖరి అస్త్రాలు. భారతదేశ ప్రైవేటు రంగ అమ్మకాలపై 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది అజిత్రోమైసిన్ 500 మాత్ర అని తేలింది. అంటే ఆచితూచి వాడాల్సిన మందే మన దగ్గర మొదటి మందైపోయింది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం ఇలాంటి పలు మందులను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినదాన్ని రిజిస్టరులో రాయాలి. చీటీయే అనవసరంగా రాస్తే ఈ నియమం చేయగలిగింది ఏమీ లేదు.

ఇక ధర సంగతి. సూరత్‌కు ఉత్తరాన అంకలేశ్వర్, దక్షిణాన వాపీ, ఇంకా పైన వడోదర, అహ్మదాబాద్ అన్నీ మందుల తయారీ కేంద్రాలే. వాటికి కావలసిన ముడి ఔషధాల్లో గణనీయమైన భాగం హైదరాబాద్ పరిసరాల్లో తయారవుతుంది. 1970 పేటెంట్ చట్టం మందు అణువు మీద పేటెంట్ లేకుండా చేయడంతో భారతీయ కంపెనీలు ఒకే మందును పదుల పేర్లతో తయారుచేయడం మొదలుపెట్టాయి. పోటీ వల్ల ప్రపంచంలోనే తక్కువ ధరలు వచ్చాయి. దానితోపాటు బ్రాండ్ల గందరగోళమూ వచ్చింది. 1975లోనే జయసుఖ్‌లాల్ హాథీ కమిటీ బ్రాండు పేర్లను క్రమంగా తొలగించాలని చెప్పింది. అది జరగలేదు. పేటెంట్ లేని అదే మందు, అదే మోతాదు, ఒక బ్రాండులో రూపాయికి, మరో బ్రాండులో పది రూపాయలకు దొరికే పరిస్థితి ఇలా ఏర్పడింది.

ప్రభుత్వం అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2022 జాబితాలో 384 మందులున్నాయి. 2003లో వడోదరకు చెందిన లోకాస్ట్ అనే ధర్మసంస్థ, అఖిల భారత డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్ళిన తర్వాతి పరిణామాల్లోనే 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. అయితే ఆ ఉత్తర్వు తయారీ ఖర్చును లెక్కలోకి తీసుకోదు. మార్కెట్లో ఒక శాతానికి పైగా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి దుకాణదారు వాటా 16 శాతం కలుపుతుంది. ఖరీదైన బ్రాండ్లే మార్కెట్‌ను ఏలుతున్నప్పుడు వాటి సగటు కూడా ఖరీదుగానే ఉంటుంది. పైగా నియంత్రణ జాబితాలోని మందుకు, మోతాదుకే వర్తిస్తుంది. దానికి మరో మందు కలిపి కొత్త మాత్ర చేస్తే చాలావరకు నియంత్రణ తప్పిపోతుంది. మన చీటీల్లో ఇన్ని జంట మాత్రలు, మూడింటి కలయికలు కనిపించడానికి ఇదొక కారణం. శాస్త్రీయ ఆధారం లేని కలయికలను కేంద్రం 2016లో 344, 2018లో 328, 2024లో 156 చొప్పున నిషేధించాల్సి వచ్చింది.

రోగికి నేరుగా అందుబాటులో ఉన్న దారి, బ్రాండు పేరు లేని (జనరిక్) మందులు అమ్మే ప్రభుత్వ జన్ ఔషధి కేంద్రాలు. 2008లో అమృత్‌సర్‌లో మొదలైన ఈ పథకం చాలా ఏళ్ళు నత్తనడక నడిచి, 2015 తర్వాత వేగం అందుకుంది. ఇప్పుడు దేశమంతటా 15 వేలకు పైగా దుకాణాలున్నాయి. సూరత్‌లోనూ తెలుగు జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతాయి. ధరలు పేరున్న బ్రాండ్లకంటే 50 నుంచి 90 శాతం తక్కువ. అమ్లోడిపిన్ 5, మెట్‌ఫార్మిన్ 500, అటోర్వాస్టాటిన్ 10 లాంటి రోజువారీ మాత్రలు ఒక్కొక్కటి రూపాయి లోపే వస్తాయి. అయితే మామూలు మెడికల్ షాపుల్లో “జనరిక్” అని అమ్మేవన్నీ ఇలాంటివి కావు. వాటిలో చాలావాటి మీద ముద్రించిన ఎమ్మార్పీ బ్రాండు ధరకు దగ్గరగా ఉంటుంది. దుకాణదారుకు మాత్రం చాలా తక్కువకు పడతాయి. తేడా రోగికి అందకుండా దుకాణంలోనే ఆగిపోవచ్చు. 1983లో స్థాపించిన లోకాస్ట్ సంస్థ అత్యవసర మందులను తానే తయారుచేసి సేవాసంస్థలకు తక్కువ ధరకు సరఫరా చేస్తూ, మందు అసలు ఖరీదు ఎంతో నాలుగు దశాబ్దాలుగా లోకానికి చూపిస్తోంది. తమిళనాడు 1990ల్లో, రాజస్థాన్ 2011లో ప్రభుత్వమే టోకున కొని ఓపీ రోగులకు ఉచితంగా ఇచ్చే పద్ధతిని నిలబెట్టి చూపాయి.

చవక మందు పనిచేస్తుందా అన్నది డాక్టర్లూ రోగులూ అడిగే న్యాయమైన ప్రశ్న. నాసిరకం మందులు మార్కెట్లో ఉన్నాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి నెలా ప్రకటించే జాబితాలో అనామక కంపెనీలే కాక పెద్ద పేర్లూ కనిపిస్తాయి. కాబట్టి ధర నాణ్యతకు గుర్తు కాదు. నీటిలో సులువుగా కరగని మందులు అసలు మందుతో సమానంగా రక్తంలోకి చేరతాయని రుజువు చూపాలని 2017 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. అంతకుముందే అనుమతి పొందిన పాత ఉత్పత్తుల సంగతి వేరు. అందుకే కొన్ని మందుల్లో జాగ్రత్త తప్పదు: మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, రక్తం పలచన చేసే వార్ఫరిన్, థైరాయిడ్ మాత్ర లాంటివాటిలో డోసు కొద్దిగా అటూ ఇటూ అయినా ప్రభావం మారుతుంది. వీటిని నెలకో కంపెనీది మార్చకుండా ఒకదాన్నే కొనసాగించాలి. మార్చాల్సి వస్తే పరీక్షించి చూసుకోవాలి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మందుల్లో పరీక్ష మరీ తేలిక. బీపీ తగ్గిందా, షుగరు అదుపులోకి వచ్చిందా అన్నది నెలలోపే తెలుస్తుంది. చవక మాత్ర పనిచేస్తోందో లేదో చెప్పడానికి యంత్రం ఉండగా అనుమానంతో కాలం గడపనక్కర్లేదు.

పాత మందు అంటే తక్కువ మందు అన్న భావన కూడా శాస్త్రం ముందు నిలవలేదు. బీపీపై అమెరికా తదితర దేశాల్లో 33 వేలకు పైగా రోగులతో జరిగి 2002లో ఫలితాలు ప్రకటించిన ఆల్‌హాట్ పరీక్షలో, అప్పటికే నాలుగు దశాబ్దాల పాతదైన, చవకైన క్లోర్తాలిడోన్ గుండెపోటును నివారించడంలో కొత్త మందులకు తీసిపోలేదు. గుండె బలహీనతను అడ్డుకోవడంలో వాటికంటే మెరుగ్గా పనిచేసింది. దీనర్థం కొత్త మందు ఎప్పుడూ వద్దని కాదు. షుగరుతోపాటు గుండె వైఫల్యం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు నిజంగా మేలు చేస్తుంది. 2025 మార్చిలో దాని పేటెంట్ ముగిసేవరకు ఒక్క మాత్ర 60 రూపాయల దాకా ఉండేది. నెలకు 1,800 రూపాయలు. ముగిసిన వెంటనే పలు భారతీయ కంపెనీల మాత్రలు అందులో చిన్న భాగానికి, కొన్ని పది రూపాయల లోపే వచ్చాయి. నిన్న మగ్గం కార్మికుడికి రాయలేని మందు ఈ రోజు రాయదగ్గదైంది. మంచి డాక్టరు మందుల జ్ఞానంతోపాటు ధరల జ్ఞానాన్నీ తాజాగా ఉంచుకోవాల్సింది ఇందుకే.

దీర్ఘకాలిక జబ్బుల్లో అసలు పరీక్ష చీటీ కొనసాగడంలో ఉంది. 2017 నవంబరులో తెలంగాణ, పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ విషయంలో మంచి దారి చూపింది. రాష్ట్రానికొక సరళమైన క్రమం: మొదట ఈ మాత్ర ఈ డోసులో, నెల తర్వాత బీపీ దిగకపోతే ఈ మార్పు, ఆపై ఈ రెండో మాత్ర. మందుల రకాలు తక్కువ కనుక టోకున కొనడం తేలిక, నిల్వ తప్పడం అరుదు, నర్సు కూడా క్రమాన్ని అనుసరించి మళ్ళీ మందులివ్వగలదు. ఒకేసారి 30 రోజుల మాత్రలు ఇవ్వడం వల్ల కూలి రోజు పోకుండా మిగులుతుంది.

చీటీ మీద 1-0-1 అని, అంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని రాసే పద్ధతి పగలు పనిచేసి రాత్రి పడుకునేవారిని దృష్టిలో పెట్టుకున్నది. రాత్రి షిఫ్టు నేతకార్మికుడు పొద్దున ఇంటికొచ్చి పడుకుంటాడు. “ఉదయం టిఫిను ముందు” అని రాసిన గ్లిమిపిరైడ్ వేసుకుని తినకుండా నిద్రపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. అతనికి ఆ మాత్ర ఏ పెద్ద భోజనానికి ముందో చెప్పాలి, గడియారం చెప్పకూడదు. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్ర ఇస్తే ఏ వేళ వేసుకుంటే మగ్గాన్ని విడిచి పదే పదే వెళ్ళాల్సి రాదో, ఏ వేళ వేసుకుంటే నిద్ర చెడదో ఆలోచించాలి. గుజరాతీలోనో హిందీలోనో వేగంగా చెప్పిన మాట తెలుగు ఇంటి పెద్దావిడకు ఎంతవరకు అందిందో, ఆమె చేతనే తిరిగి చెప్పించుకుంటే తెలుస్తుంది.

వలస కుటుంబానికి ఇంకో చిక్కుంది. సంక్రాంతికో బతుకమ్మ పండుగకో ఊరెళ్ళినప్పుడు సూరత్‌లో వాడిన బ్రాండు సిరిసిల్లలో దొరకదు. నెల రోజులు మందు ఆగిపోతుంది, లేదా అక్కడి డాక్టరు అదే మందును మరో పేరుతో రాస్తాడు, రోగి రెండూ వేసుకుంటాడు. మందు అసలు పేరు, మిల్లీగ్రాములు పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ చీటీ ఏ ఊళ్ళోనైనా చెల్లుతుంది. వైద్యులు మందు అసలు పేరునే స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో రాయాలని, మందుల వాడకం హేతుబద్ధంగా ఉండేలా చూడాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన సవరించింది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ మరింత కఠినమైన నియమాలు తెచ్చి, మూడు వారాల్లో వాటిని నిలిపివేసింది. దాంతో పాత నిబంధనే అమల్లోకి వచ్చింది. తమ బ్రాండు రాయించుకోవడానికి కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే కానుకల ఖర్చుకు పన్ను మినహాయింపు ఉండదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అలాంటి కానుకలను నిషేధించే మార్కెటింగ్ నియమావళిని కేంద్రం 2024 మార్చిలో ప్రకటించింది.

చీటీలు ఎంత బాగున్నాయో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే సులువైన కొలమానాలు ఇచ్చింది: ఒక్కో రోగికి సగటున ఎన్ని మందులు రాశారు, ఎన్ని చీటీల్లో యాంటీబయాటిక్ ఉంది, ఎన్నిట్లో సూదిమందు ఉంది, ఎన్ని మందులు అసలు పేరుతో ఉన్నాయి, ఎన్ని అత్యవసర జాబితాలోవి. పెద్ద ఆసుపత్రి నుంచి ఒక్క డాక్టరు క్లినిక్కు దాకా ఎవరైనా నెలకు వంద చీటీలు తీసి లెక్కవేసుకోవచ్చు. కాగితం, పెన్సిలు చాలు. రోగి వైపు నుంచి చేయాల్సింది కూడా సులువే. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న మాత్రల పట్టీలన్నీ, పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. రాసిన ప్రతి వరుసను చూపించి ఇది దేనికి, ఎన్నాళ్ళు, దీని అసలు పేరేమిటి, వీటిలో ఏది మానినా ఫరవాలేదు అని అడగండి.